మొదటి ఫెర్రీ, మా నూకాలత్త

మొన్న పొద్దున్న పోర్ట్ బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్ల వరసలో నిలబడి ఉండగా ఒక వాసన వచ్చి తగిలింది. తడి గోనె, ఉప్పునీరు, అప్పుడే ఒడ్డుకు చేరిన కానాగంత చేపలు కలిసిన వాసన. నా ముందున్న ప్రయాణికులు, మెయిన్‌లాండ్ నుంచి బీచ్‌లు చూడటానికి వచ్చినవాళ్ళు, గబగబా రుమాళ్ళు తీసి ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. పీల్చాక ఏదో తక్కువైనట్టు అనిపించింది. కాసేపటికి తెలిసింది, చుట్ట వాసన లేదు. నా చిన్నతనంలో ఈ వాసన వెంట ఎప్పుడూ పొగాకు ఘాటు కూడా ఉండేది. అది మా నూకాలత్తది. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. ఆవిడ ఫోటో కూడా ఎవరి దగ్గరా లేదు. అందుకే రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను, పడవ వచ్చేలోపు ఆ వరసలోనే మొదలుపెట్టాను.

నూకాలత్త మాకు రక్తసంబంధం కాదు. స్వాతంత్ర్యం వచ్చాక ఈ దీవుల్లో జనాన్ని నిలపాలని సర్కారు కుటుంబాలను తీసుకొచ్చిన రోజుల్లో, చేపలు పట్టేవాళ్ళు కావాలని మా భీమిలి, కళింగపట్నం తీరాల నుంచి కూడా కొందరిని ఓడ ఎక్కించింది. మా అమ్మానాన్నలు, నూకాలత్త, ఆవిడ భర్త ఒకే ఓడలో వచ్చి పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురొడ్డున బాంబూఫ్లాట్‌లో పక్కపక్క ఇళ్ళు వేసుకున్నారు. ఇంటిస్థలం, పడవకు కర్ర, వలకు దారం ఇచ్చారు. అన్నీ ఇంటి యజమాని పేరు మీదే. ఇంటి యజమాని అంటే మొగుడు, దానికి వివరణ ఎవరూ అడగలేదు. నూకాలత్త మొగుడు కొద్దికాలానికే విశాఖ ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. పాపం, నిన్ను వదిలేశాడే అని ఎవరైనా జాలిపడితే ఆవిడకు ఒళ్ళు మండేది. "వదిలేసిందేటి? ఓడ దిగినకాడి నుంచి వాన, వాన అని ఏడిసినోడు. ఆడికి ఈ వాన పడనేదు, నాకు ఆడి ఏడుపు పడనేదు. ఇప్పుడు ఇద్దరం సుకంగా ఉన్నాం," అనేది.

ఆవిడ పొడుగు మనిషి. ముక్కుకు పెద్ద నత్తు, నోట్లో ఎప్పుడూ చుట్ట. మా వైపు ఆడవాళ్ళు కొందరిలాగా నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగేది. అలా తాగుతూనే మాట్లాడేది, నవ్వేది, తిట్టేది కూడా. ద్వీపంలో అందరూ మాట్లాడే హిందీ ఆవిడకు వచ్చినట్టే వచ్చేది. తెలుగు వాక్యం చివర ఒక 'హై' తగిలిస్తే హిందీ అయిపోతుందని ఆవిడ నమ్మకం. ఇంకో విచిత్రం, తాతముత్తాతల నాటి నుంచి సముద్రం మీద బతికిన ఇంట్లో పుట్టిన ఆ మనిషికి పడవ పడదు. హార్బరు దాటే ఆ కాస్త దూరం ఫెర్రీలో కూడా కళ్ళు గట్టిగా మూసుకుని, చింతపండు చప్పరిస్తూ, నడిమి బల్ల మీద కొయ్యలా కూర్చునేది. దిగగానే నేలను కాలితో ఒకసారి తొక్కి చూసుకుని, అప్పుడు చుట్ట వెలిగించేది.

అయినా ఆవిడ ప్రతి ఉదయం ఆ ఫెర్రీ ఎక్కాల్సిందే. మా అమ్మా అంతే. మగవాళ్ళు వేటకు వెళ్ళి తెల్లవారేసరికి ఒడ్డుకు వచ్చేవారు. చేపను నీళ్ళలోంచి తీయడంతో వాళ్ళ పని అయిపోయేది. తర్వాతదంతా ఆడవాళ్ళది. ఏరి, కడిగి, గంపలకెత్తి, తడి గోనె కప్పి, మొదటి ఫెర్రీలో హార్బరు దాటి చాథమ్‌లో దిగి, రంపపు మిల్లు పక్కనుంచి వంతెన దాటి ఊళ్ళోకి నడిచేవారు. ఐసు లేని రోజులు. ఎండెక్కేలోగా అమ్ముడుపోతే చేప, లేకపోతే ఎరువు. సర్కారు క్వార్టర్స్‌లో ఉండే ఆడవాళ్ళు వీళ్ళ కేక కోసం కాచుకుని ఉండేవారు. ఏ ఇంటికి రొయ్యలిష్టం, ఏ ఇంట్లో ముసలాయనకు ముళ్ళు పడవు, అన్నీ వీళ్ళకు తెలుసు. వచ్చిన డబ్బు అమ్మ చీర కొంగులో ముడేసుకుని వచ్చేది. మాకు పలకలు, తలకు కొబ్బరినూనె, జ్వరమొస్తే మందు, అన్నీ ఆ కొంగులోంచే వచ్చేవి. నాన్న ఎప్పుడూ లెక్క అడిగేవాడు కాదు. అసలు అందులో ఎంత ఉంటుందో కూడా ఆయనకు తెలియదు.

నేను పెద్దబడికి వెళ్ళాల్సిన ఏడు ఆ దారి మూసుకుపోయింది. బాంబూఫ్లాట్ నుంచి ఊళ్ళోకి ఉద్యోగాలకు వెళ్ళే గుమస్తాలు, బట్టలకు కంపు పడుతోందని ఫెర్రీ ఆఫీసులో మొరపెట్టుకున్నారు. తడి గంపలు పొద్దుటి ట్రిప్పుల్లో ఎక్కించకూడదు, మధ్యాహ్నం తీసుకెళ్ళవచ్చు అని ఆర్డరు వచ్చింది. మధ్యాహ్నానికి చేప చెడుతుంది, ఊళ్ళో వంటలు కూడా అయిపోతాయి. ఆ ఆర్డరు వేసిన పెద్దమనిషి చెడ్డవాడు కాదు. ఆయనకు ఫెర్రీలో ప్రయాణికులు కనిపించారు, గంపలు కనిపించాయి, గంపల కింద ఉన్న మనుషులు కనిపించలేదు, అంతే. రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్ళాలంటే సగం రోజు పడుతుంది. వేట నుంచి అలిసి వచ్చిన మగవాళ్ళు మళ్ళీ హార్బరు దాటడానికి తెడ్డు పట్టరు. పట్టాల్సిన అవసరం కూడా వాళ్ళకు కనిపించలేదు, ఎందుకంటే వారం తిరగకుండానే ఒక సేఠ్ మోటారు బోటు వేసుకుని మా ఒడ్డుకే వచ్చి, మొత్తం చేపను గుత్తగా కొనడం మొదలుపెట్టాడు.

నాన్న ఎంత సంతోషించాడో నాకు ఇప్పటికీ గుర్తు. డబ్బు చేతిలో పెట్టుకుని ఇంటికొచ్చి, "ఇకన్నుంచి మీరు గంప నెత్తినెట్టుకోని ఇంటింటికీ తిరగక్కర్నేదు. సేఠ్ ఒడ్డుకే వత్తన్నాడు. సుకంగా ఇంట్లో ఉండండి," అన్నాడు.

అమ్మ పొయ్యి ఊదుతూ, తల తిప్పకుండా, "సుకం గావాలని నానడిగినానా?" అంది.

నాన్న అది పరాచికం అనుకుని నవ్వాడు. ఆయన మంచివాడే. ఆ సాయంత్రం మాకు జిలేబీ కూడా తెచ్చాడు. కానీ ఆ వారం నుంచి మా ఇంట్లో ఒక కొత్త మాట పుట్టింది, 'ఎందుకు'. సబ్బు కావాలంటే ఎందుకు, నూనె కావాలంటే మొన్ననే కదా, ఎందుకు. కోపంతో కాదు. చేయి చాచి అడిగేవాళ్ళు ఒకరు ఎదురుగా ఉంటే ఇచ్చేవాడికి ఆ ప్రశ్న దానంతటదే వస్తుంది. అంతకుముందు మా అమ్మ అడగకుండానే మా అవసరాలు గడిచిపోయేవి కాబట్టి ఆ ప్రశ్న పుట్టలేదు. నా పెద్దబడి సంగతి కూడా అలాగే వచ్చింది. రోజూ ఫెర్రీ దాటాలి, పుస్తకాలు కొనాలి. నాన్న "సూద్దాం" అన్నాడు. మా ఇంట్లో 'సూద్దాం' అంటే లేదని అర్థం. ఈలోగా సేఠ్ తన ధర కొంచెం కొంచెంగా దించుతూ వచ్చాడు. అడిగితే, అక్కర్లేకపోతే మధ్యాహ్నం ఫెర్రీలో పంపించుకోండి అని నవ్వేవాడు.

నూకాలత్త మొదట చేసిన పని అందరూ చేసేదే, జెట్టీకి వెళ్ళి అరవడం. ఫెర్రీ నడిపే సారంగు పాపం నెమ్మదస్థుడు. దీవిలో పుట్టినవాడు, మా ఆడవాళ్ళందరినీ దీదీ అనేవాడు. "మేరే హాథ్ మే కుఛ్ నహీ, దీదీ. ఆర్డర్ హై," అని, తన చేతిలో ఏమీ లేదన్నట్టు దండం పెట్టాడు. దండం పెట్టేవాడి మీద ఎంతసేపని అరుస్తారు? ఆవిడ తిరిగి వచ్చేసింది. తర్వాత చేసింది మాత్రం ఆవిడే చేయగలదు. ఒక పాత రేకు పెట్టెలో అడుగున పీతలు, పైన మడతపెట్టిన చీర సర్ది, మెయిన్‌లాండ్ వెళ్ళే ప్రయాణికురాలిలా తలకు నూనె రాసుకుని మొదటి ఫెర్రీ ఎక్కింది. సాయానికి నన్ను వెంట తీసుకెళ్ళింది. ఎక్కగానే అలవాటు ప్రకారం కళ్ళు మూసేసుకుంది. చోటు లేక ఒక గుమస్తా గారు, కంపు గురించి మొరపెట్టుకున్నవాళ్ళలో ముఖ్యుడు, ఆ పెట్టె మీదే కూర్చున్నాడు. హార్బరు మధ్యకు వచ్చేసరికి ఒక పీత కట్టు ఊడదీసుకుని, తుప్పుపట్టిన మూలనుంచి బయటికొచ్చి, ఆయన పంట్లాం అంచు పట్టుకుంది.

ఆయన వేసిన కేకకు ఇంజను ఆగిపోయిందేమో అనుకున్నారు అందరూ. నూకాలత్త కళ్ళు తెరవలేదు. "ఏటయింది హై?" అంది. నేను చెవిలో చెప్పాను. "ఎన్ని బయటికొచ్చినాయి?" ఒక్కటే అన్నాను. "అయితే మిగతావి అమ్ముకోవచ్చు," అంది. అమ్ముకోనివ్వలేదు. మమ్మల్నీ పెట్టెనూ అదే ఫెర్రీలో వెనక్కి పంపేశారు. ఆ పూట మా వాడంతా పీతల పులుసు తిని, ఆ కథ మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నవ్వింది. నవ్వి నవ్వి అలిసిపోయాక అమ్మ నెమ్మదిగా, "మరి రేపో, వదినా?" అంది. నూకాలత్త చుట్ట ఆరిపోయి ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

దారి ఆవిడ ఒక్కతే కనిపెట్టలేదు. నాలుగు రోజులు పోయాక ఆవిడ నన్ను తీసుకుని గంప లేకుండా ఊళ్ళోకి వెళ్ళింది. అమ్మడానికి కాదు, ఊరికే వాడుక ఇళ్ళవాళ్ళను పలకరించడానికి. "సేపలు నేకపోతే మాటా మంతీ కూడా ఉండకూడదా ఏటి?" అంది. అలా ఒక బెంగాలీ ఇంటికి వెళ్ళాం. ఆ ఇంటావిడను అందరూ బౌదీ అనేవారు, వాళ్ళ భాషలో వదిన అని. బౌదీ భర్తే ఫెర్రీ ఆఫీసులో ఆ ఆర్డరు వేసిన సాబ్. మమ్మల్ని చూడగానే ఆవిడ వంటింటి గడప మీదే కూర్చోబెట్టుకుని తన గోడు మొదలుపెట్టింది. సేఠ్ మనిషి తెచ్చే చేప మెత్తబడి ఉంటోంది, ధర చెబితే కళ్ళు తిరుగుతున్నాయి, మంచివన్నీ హోటళ్ళకు పోతున్నాయి, ఇంట్లో భర్త కంచం ముందు కూర్చుని మొహం చిట్లిస్తున్నాడు. మీరంతా ఎక్కడికి పోయారు అని నిలదీసింది.

"మీ సాబే కదా మమ్మల్ని ఫెర్రీ ఎక్కొద్దన్నది హై," అంది నూకాలత్త.

బౌదీ నిర్ఘాంతపోయింది. ఆవిడకు ఆ సంగతే తెలియదు. ఆఫీసు మాటలు ఇంట్లో చెప్పరట.

"ఆఫీసు మాటలు ఇంటికి రావు సరే. ఇంటి మాటలు ఆఫీసుకి ఎల్తే?" అంది నూకాలత్త.

బౌదీ నవ్వింది. తర్వాత ఆర్డరులో ఏమని ఉందో సరిగ్గా చెప్పమంది. నేను జెట్టీ బోర్డు మీద హిందీలో చదివింది ఒప్పజెప్పాను, అమ్మకానికి తీసుకెళ్ళే తడి గంపలు అని. "అమ్మకానికి," అని బౌదీ ఆ మాటే పట్టుకుంది. "మరి నేను కొనుక్కుని నా గిన్నెలో తెచ్చుకుంటే?" ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నూకాలత్త నోట్లోంచి చుట్ట తీసి, నిప్పున్న కొస చూసుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకుంది. ఆవిడకు సంతోషం వస్తే అలా చేసేది.

తర్వాతి సోమవారం, ఆఫీసు రోజే, చాథమ్ నుంచి మా ఒడ్డుకు వచ్చిన మొదటి ఫెర్రీలోంచి బౌదీ, ఆవిడ కబురు పెట్టి పోగేసిన క్వార్టర్స్ ఆడవాళ్ళు దిగారు. బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీ నుంచి వచ్చినవాళ్ళు. ఒకరి చేతిలో ఇత్తడి డబ్బా, ఒకరి చేతిలో టిఫిన్ క్యారియరు, ఒకావిడ ఏకంగా మూత ఉన్న పాలక్యాను తెచ్చింది. ఒకరికొకరు తెలియనివాళ్ళు కూడా పిక్నిక్‌కు వచ్చినట్టు కబుర్లాడుకుంటూ ఇసుకలోకి నడిచారు. అప్పటికి పడవలు ఒడ్డుకు చేరుతున్నాయి. సేఠ్ మోటారు బోటు కూడా వచ్చి ఆగింది. ఒకపక్క సేఠ్ మనుషులు, ఒకపక్క గిన్నెలు పట్టుకున్న ఆడవాళ్ళు, నడుమ మా నాన్న, మోకాళ్ళ వరకు నీళ్ళలో, వల నిండా వంజరం చేపలతో.

అమ్మ గంప పట్టుకుని నీళ్ళలోకి దిగి, "ఇలా వెయ్యి," అంది.

నాన్న సేఠ్ వైపు చూశాడు. రోజూ కొనేవాడిని కాదంటే రేపు కొనడేమోనని భయం. అది ఆయన మొహంలోనే కాదు, ఒడ్డున ఉన్న ప్రతి మగవాడి మొహంలోనూ ఉంది. ఆయన ఏం చేస్తే మిగతావాళ్ళు అదే చేస్తారు. నూకాలత్త అరవలేదు. దగ్గరికి వెళ్ళి మామూలుగా, "తమ్ముడా, ఆడెంతిత్తాడో నీకు తెలుసు. నీ పెళ్ళాం ఎంతకి అమ్ముతాదో నువ్వెప్పుడైనా సూసినావా? ఒక్కపాలి సూడు. నచ్చకపోతే రేపు ఆడికే ఏసుకో," అంది.

నాన్న వలను అమ్మ గంపలోకి విదిలించాడు.

ఆ తర్వాత జరిగింది నేను ఎన్నిసార్లు తలచుకున్నా తనివి తీరదు. అమ్మ గంపను ఒడ్డున దింపి, కొంగు నడుముకు దోపి, గొంతెత్తి అమ్మకం మొదలుపెట్టింది. ఇంట్లో గొంతు పెంచని మా అమ్మ. హిందీలో ఒకరికి ధర చెబుతూ, బెంగాలీలో ఇంకొకరిని పలకరిస్తూ, తమిళావిడ చేపను తిప్పి తిప్పి చూస్తుంటే "దాని పెళ్ళిచూపులకి వచ్చినావేటి అమ్మా" అని నవ్విస్తూ, ఒక్క చేప కింద పడకుండా, ఒక్క మనిషి అలిగి వెళ్ళకుండా గంప ఖాళీ చేసింది. నాన్న తడి బట్టలతో అలాగే నిలబడిపోయాడు. అన్నేళ్ళ కాపురంలో ఆయన అమ్మ పనిని ఒక్కసారీ చూడలేదు. ఆమె అమ్మే వేళకు ఆయన ఇంట్లో నిద్రపోతుండేవాడు. అమ్మ చివరికి తలెత్తి చూసి, "ఏటలా సూత్తన్నావు?" అంది. "ఏటీ నేదు," అన్నాడు నాన్న. కానీ ఆయన మొహం కొత్త పెళ్ళికొడుకు మొహంలా ఉంది.

తిరుగు ఫెర్రీలో డెక్కు నిండా అధికారుల భార్యలు, వాళ్ళ ఒళ్ళో చేపలు. సారంగు తల గోక్కుని, "మేడమ్, మచ్ఛీ మనా హై," అన్నాడు, చేపలు తేకూడదని. బౌదీ డబ్బా మూత మీద చేయి పెట్టుకుని, "యే మచ్ఛీ నహీ, మేరా ఖానా హై," అంది. నూకాలత్త చేతిలో ఉంటే సరుకు, బౌదీ ఒళ్ళోకి వస్తే భోజనం. చేప మాత్రం అదే, కంపూ అదే. పీత పట్టుకున్న గుమస్తా గారు ఎప్పటిలాగే రుమాలు తీశాడు. పక్కన కూర్చున్నది ఎవరి భార్యో ఎవరో చెవిలో చెప్పారు. రుమాలు మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది. వారం రోజులు అలా సాగింది. ఆ వారంలో ఎన్ని ఇళ్ళలో భర్తలు వంట కోసం ఎదురుచూశారో, ఎంతమంది ఆలస్యంగా ఆఫీసుకు వెళ్ళారో నాకు తెలియదు. వారం తిరిగేసరికి, మాట్లాడుకుందాం రమ్మని సాబే కబురు పంపాడు.

చాథమ్ జెట్టీ మీదే మాట్లాడారు. నేనూ వెళ్ళాను. సాబ్ ముందే తయారై వచ్చాడు. మొదటి ఫెర్రీలో వెనక డెక్కు గంపలకు వదిలేస్తాం, గంపలకు మూతలు ఉండాలి, రోజూ డెక్కు మీరే కడగాలి అన్నాడు. అందరూ సంబరపడి తలలూపేశారు. నూకాలత్త ఊపలేదు. అప్పుడే ఫెర్రీ దిగింది కాబట్టి మొహం ఇంకా పాలిపోయి ఉంది, అయినా కదల్లేదు. "మా గంపల కిందది మేం కడుగుతాం హై. మరి ఆ బీడీ ముక్కలు, ఆ పాన్ ఉమ్ములు ఎవరియి? డెక్కంతా కడగమంటే అది పని, సాబ్. పనికి ఏదో ఒకటి ఉండాల," అంది. చేతిలోకి వచ్చింది జారిపోతుందేమోనని పక్కవాళ్ళు ఆవిడ కొంగు లాగారు. సాబ్ కాసేపు డెక్కు వంక, కాసేపు ఆవిడ వంక చూసి, ఏ రోజు ఎవరు కడిగితే ఆ రోజు వాళ్ళకు టికెట్ అక్కర్లేదు అన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సారంగు. అప్పటిదాకా ఆ డెక్కు కడిగేది అతనే.

గంపలతో మళ్ళీ మొదటి ఫెర్రీ కదిలిన ఉదయం ఒడ్డంతా పండగలా ఉంది. నూకాలత్త కూడా ఎక్కింది, చింతపండు చప్పరిస్తూ వెళ్ళి వచ్చింది. దిగి, నేలను తొక్కి చూసుకుని, "ఇదే ఆకరు. నానింక ఎక్కను," అంది. మేమంతా తెల్లబోయాం. ఆవిడ అప్పటికే అంతా ఆలోచించుకుని ఉంది. అమ్మ పొద్దున్నే ఫెర్రీ ఎక్కాలి, నేను పెద్దబడికి అదే ఫెర్రీ ఎక్కాలి, మరి నా ఇద్దరు తమ్ముళ్ళను ఎవరు చూస్తారు? ఇలాంటి చిక్కు ప్రతి ఇంట్లోనూ ఉంది. ఆడపిల్ల ఇంట్లో ఆగిపోతే చాలు, చిక్కు విడిపోతుంది, అందరూ అదే చేస్తారు. నూకాలత్త, "పిల్లల్ని నా కాడ వదిలెయ్యండి. సందేళ గంపల కాడ నా వాటా నాకు పడేయండి," అంది.

"మన పిల్లల్ని సూడ్డానికి వాటాలేటి, వదినా? అందరం మనోళ్ళమే కదా," అంది అమ్మ.

"సేపలూ మన సముద్రంలోవే. ఊళ్ళో ఊరికే పంచేసి వత్తన్నారా?"

అమ్మ నవ్వేసింది. మగవాళ్ళు పిల్లల్ని ఆడించడానికి కూలేమిటని చాలాకాలం ఎకసెక్కాలాడారు, కానీ వాటా మాత్రం ఏ రోజూ తప్పలేదు. ఆవిడ పిల్లల్ని పద్ధతిగా పెంచిందని నేను చెప్పలేను. సాయంత్రానికి అందరి మొహాలూ మసి, అందరి నోళ్ళలోనూ కొత్త తిట్లు. మా చిన్న తమ్ముడు ఒకసారి కనిపించకుండా పోయి, వాడంతా వెతికాక వలల కుప్పలో నిద్రపోతూ దొరికాడు. గవ్వలాటలో మోసం చేయడం వాళ్ళందరికీ ఆవిడే నేర్పింది, తర్వాత వాళ్ళ చేతిలో ఓడిపోయి పోట్లాడేది. కానీ ఒక్క పిల్లా నీళ్ళలో పడలేదు, ఆకలితో నిద్రపోలేదు. నేను బడికి వెళ్ళాను. వెనక డెక్కు మీద అమ్మ పక్కన, గంపల మధ్య పుస్తకం తెరుచుకుని కూర్చునేదాన్ని.

ఒకరోజు అడిగాను. "అత్తా, నువ్వు ఎక్కనప్పుడు ఫెర్రీ కోసం అంత ఎందుకు కొట్లాడావు?"

"నాకు పడదని నీ దారి కూడా మూసెయ్యనిత్తానేటే?" అంది. అంత తెలియని ప్రశ్న అడిగానా అన్నట్టు నన్ను ఎగాదిగా చూసి, నా చేతిలోని బిస్కెట్టు సగం విరుచుకుంది.

చదువయ్యాక నాకు ఫెర్రీ ఆఫీసులోనే ఉద్యోగం వచ్చింది. పడవల వేళలు తయారుచేసే విభాగం. వెళ్ళి ఆవిడకు చెబితే, "ఆర్డర్లు రాసేకాడా?" అని నోరు తెరిచింది. తర్వాత, "అయితే ముందు ఎక్కు. ఎక్కి, నాలాగ కక్కు. ఆ తరవాత రాయి," అంది. నేను కక్కలేదు కానీ, ఏ వేళ మార్చాల్సి వచ్చినా ముందు ఆ పడవ ఎక్కి వెనక డెక్కు మీద కూర్చోవడం మాత్రం మానలేదు. ఎవరు ఎక్కుతున్నారు, ఏం మోస్తున్నారు, ఇంట్లో ఎవరిని వదిలి వచ్చారు అని అడిగేదాన్ని. ఆఫీసులో నన్ను చూసి నవ్వుకునేవారు. నవ్వినా, నేను తెచ్చిన మార్పులు చాలావరకు ఒప్పుకునేవారు, ఎందుకంటే జెట్టీ మీద గొడవలు తగ్గేవి.

నేను లంబాలైన్‌లో ఇల్లు కట్టుకున్నాక నూకాలత్త తరచు వచ్చి రోజుల తరబడి ఉండేది. విమానాశ్రయం పక్కనే కాబట్టి విమానాలు మా కప్పు మీదుగా దిగేవి. ఆవిడ వాకిట్లో కుర్చీ వేసుకుని, నత్తు మెరుస్తుండగా తలెత్తి చూస్తూ, "దీంట్లో గంపలెక్కనిత్తారా?" అని అడిగేది. ఎక్కనివ్వరంటే, "ఎవుడా ఆర్డరేసినోడు?" అని వెంటనే లేచి కూర్చునేది. బౌదీ భర్తకు బదిలీ అయి కలకత్తా వెళ్ళిపోయాక కూడా ఇద్దరూ ఎవరితోనో ఒకరితో కబుర్లు పంపించుకుంటూనే ఉండేవారు. కన్నుమూసేముందు కూడా నూకాలత్త పెద్దగా మంచాన పడలేదు. ఆవిడ పెంచిన పిల్లలు, అప్పటికి తండ్రులైనవాళ్ళు, వాటాలు వేసుకుని కాక పోటీలు పడి చూసుకున్నారు. అలా పోట్లాడుకుంటూ సేవ చేసేవాళ్ళను నేను ఇంకెక్కడా చూడలేదు.

నా పిల్లలు పుట్టినప్పుడు అమ్మ వచ్చి వాళ్ళను చూసుకుంది, నేను ఆఫీసుకు వెళ్ళాను. ఆ మొదటి నెల జీతం రాగానే అందులోంచి కొంత తీసి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ చిన్నబుచ్చుకుంది. మనవల్ని ఎత్తుకోవడానికి డబ్బులా అంది. ఎత్తుకోవడానికి కాదమ్మా, రోజంతా దించకుండా ఉన్నందుకు అన్నాను. కొన్ని నెలలు అలక, తర్వాత అలవాటు. ఒకనాడు చూస్తే అమ్మ ఆ డబ్బుతో విశాఖ ఓడకు టికెట్ కొనుక్కుని, సింహాచలం చూసి వస్తానని సంచి సర్దుకుంటోంది. నాన్న గుమ్మంలో నిలబడి, ఎందుకు అని అడగబోయి, ఆగి, "ఎప్పుడొత్తావు?" అన్నాడు. "సూద్దాం," అంది అమ్మ.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళితే మనవరాలు నా దగ్గర ఉంటుంది. దాని మొహానికి మసి లేకుండా చూడగలుగుతున్నాను కానీ, గవ్వలాటలో అది నన్ను మోసం చేస్తోంది. నెల మొదట్లో జీతాలు రాగానే కొడుకు ముందు చేయి చాపుతాను. వాడు మొదట్లో, "సొంత మనవరాలిని చూసుకోవడానికి కూడానా, అమ్మా?" అని పడి పడి నవ్వేవాడు. నేను చేయి దించలేదు. ఇప్పుడు వాడు ఎందుకని అడగకుండానే ఇస్తున్నాడు. సంగతి వాడికి తెలియకపోయినా కోడలికి తెలుసు. నా కోడలు పిల్ల ప్రతి నెలా వాడి పక్కనే నిలబడి, వాడు ఇచ్చేదాకా కదలదు.